లాడ్ బజార్‌లో తయారైన యుద్ధనౌక

గాజులు చేసే ఉస్తాద్ చెప్పులు కింద విడిచి వేదిక ఎక్కాడు. చంకలో తువ్వాలు మూట ఉంది. ఎవరూ ఆపలేదు. ప్రశ్నలున్నవాళ్ళు పైకి రావచ్చని వెబ్ సిరీస్ దర్శకుడే అంతకు రెండు నిమిషాల ముందు మైకులో పిలిచాడు. మలక్‌పేటలోని ఆ ఫంక్షన్ హాల్లో ఆదివారం పొద్దున కుర్చీలన్నీ నిండిపోయాయి. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ వెబ్ సిరీస్‌ను రెండేసి సార్లు చూసిన కాలేజీ పిల్లలు. వేదిక మధ్యలో బల్ల, దాని మీద నల్ల మఖ్మల్ గుడ్డ, గుడ్డ మీద మూరెడు పొడవున్న అంతరిక్ష యుద్ధనౌక నమూనా. కథ ప్రకారం అది ఒక నౌకాదళం ప్రయోగం కోసం కట్టిన మొట్టమొదటి ఓడ. అందరికీ బాగా కనబడాలని అద్దాల మూత తీసి పక్కన పెట్టారు. పైనున్న కెమెరా దాన్ని వెనక తెర మీద ఏనుగంత చేసి చూపిస్తోంది.

ఉస్తాద్ తువ్వాలు విప్పాడు. అందులోంచి రెండో నౌకను తీసి, మొదటిదాని పక్కన, రెక్కకు రెక్క ఆనించి పెట్టాడు.

మొదటి నౌకకు పొట్ట దగ్గర మొదలై కుడి రెక్క మీదికి ఏటవాలుగా పాకే బంగారు చార ఒకటి ఉంది. రెక్క అంచున అది ఠక్కున ఆగిపోతుంది. సిరీస్ చూసినవాళ్ళందరికీ ఆ చార తెలుసు. ఇప్పుడది ఆగలేదు. రెండో నౌక ఎడమ రెక్క మీదికి దాటి, అదే వాలులో దిగి, దాని పొట్ట కిందికి వెళ్ళి ముగిసింది. కలిసినచోట వెంట్రుకంత సందు కూడా తెర మీద కనబడలేదు.

"సార్, మీ జహాజ్‌కు జోడీ లేదని పేపర్ల చెప్పిన్రు కద," అన్నాడు ఉస్తాద్. మైకు ఆయనకు దూరంగానే ఉంది, అయినా హాలంతా వినిపించింది. "ఉన్నది సార్. మా దుకాణంల్నే ఉన్నది. ఒకసారి చూపెట్టి పోదమని తెచ్చిన."

వెనక వరసలో ఎవరో ఒక్కరు నవ్వారు. ఆ నవ్వు ముందుకు పాకింది. దర్శకుడు మైకు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "దీన్ని... దీన్ని మేం వెరిఫై చెయ్యాలి," అన్నాడు. ఉస్తాద్ తల ఊపి, తన నౌకను మళ్ళీ తువ్వాలులో చుట్టుకుని, మెట్లు దిగి, చెప్పులు తొడుక్కున్నాడు. ఎడమ చెప్పు వారు సరిగా ఎక్కలేదు. వంగి సరిచేసుకున్నాడు. 

నేను మూడో వరసలో ఉన్నాను. నోట్‌బుక్కులో సమయం రాసుకున్నాను: పన్నెండుకు ఇరవై నిమిషాలు తక్కువ. పాత అలవాటు.  ఆ పూట కోసం నేను నాలుగు నెలలు పనిచేశాను.

ఈ సంగతి మొదటి నుంచీ చెప్పాలంటే ముందు నా తప్పు దగ్గర మొదలుపెట్టాలి.

ముప్పై ఏళ్ళకు పైగా ఒక తెలుగు దినపత్రికలో పనిచేశాను. ఎక్కువకాలం నగరం పేజీ. నడుమ ఒక ఏడాది ఆదివారం పేజీలో సీరియల్ రాసే ఆయన జబ్బుపడి మానేస్తే, ఖాళీ నింపమని నాకు అప్పగించారు. అప్పుడు అంతరిక్షంలో ఒక నౌకాదళం గురించి సీరియల్ రాశాను. శత్రువు పరికరాలకు కనబడని ఒక ప్రయోగ నౌక అందులో ముఖ్యం. ఒక్కటే కడతారు, పరీక్షకు పంపుతారు, ఏమవుతుందో ఎవరికీ తెలీదు. ఆ నౌక ఎలా ఉంటుందో మాత్రం నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు. మా బొమ్మలాయన శుక్రవారం సాయంత్రం దాకా బొమ్మ ఇచ్చేవాడు కాదు, ఇచ్చినప్పుడు నేను రాసిందానికీ ఆయన గీసిందానికీ పొంతన ఉండేది కాదు. పాఠకుల నుంచి ఉత్తరాలు రాకుండా ఉండాలంటే వర్ణించకపోవడమే మేలని తేల్చుకున్నాను. "ఇంతవరకూ ఎవరూ చూడని ఆకారం" అని రాసి వదిలేశాను. డెస్కు మీద ఇలాంటి ఉపాయాలు చాలా ఉంటాయి.

నేను రిటైరయ్యాక ఒక కంపెనీ ఆ కథను వెబ్ సిరీస్ కోసం తీసుకుంది. నాతో ఒప్పందం సవ్యంగానే జరిగింది. చిక్కల్లా నౌక దగ్గర వచ్చింది. వాళ్ళ ఆర్ట్ విభాగం వేసిన బొమ్మలన్నీ ఎక్కడో చూసినట్టే ఉన్నాయి. దర్శకుడు వాటిని గోడకు అంటించి, ఒక్కొక్కటి చింపుతూ, "ఇది ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టుంది సర్. నాకు చేత్తో చేసినట్టుండాలి," అన్నాడు.

నా నోరు ఊరుకోలేదు. లక్కతో చేయిస్తే ఎలా ఉంటుందన్నాను.

ఉస్తాద్‌ను నేను ఎరిగి ఇరవై ఏళ్ళు. రంజాన్ నెలలో చార్మినార్ పక్కన గాజులమ్మే లాడ్ బజార్ మీద ఏటా ఒక కథనం రాయాలి, ఏటా కొత్తగా రాయాలి. ఆ అవసరంలో దొరికిన మనిషి. ముందు దుకాణంలో అక్క కూర్చుంటుంది, వెనక సందులో చిన్న గదిలో బొగ్గుల కుంపటి ముందు లక్క గాజులు చేస్తూ తమ్ముడు, అంటే ఉస్తాద్. అక్క నోటికి బజారంతా భయపడుతుంది. తమ్ముడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

దర్శకుణ్ణి తీసుకెళ్ళిన రోజున దుకాణంలో ఒకామె బేరమాడుతోంది. ఆమెకు ఒక గాజు నచ్చింది, ఇంకో చేతికి వాచీ ఉంటుంది కాబట్టి ఒక్కటే చాలంటోంది.

"ఒక్క గాజు మేము అమ్మం అమ్మా," అంది అక్క.

"ఒక్కదానికే పైసలిస్తా కద."

"పైసల ముచ్చట కాదు. రెండోది ఊకెనే తీస్కపో. ఇంట్ల పెట్టుకో, పెట్టెల పడెయ్, నీ ఇష్టం. మా దుకాణంలకెల్లి గాజు ఒంటిగ పోదు."

ఆమె రెండూ తీసుకుపోయింది. దర్శకుడు నవ్వి, మంచి సీన్ సర్, అన్నాడు. మేమిద్దరం అక్కడ నిలబడి విన్నాం. ఆ మాట పట్టించుకోవాల్సిన రోజు వస్తుందని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

పని ఆరు వారాలు పట్టింది. కంపెనీ డబ్బు ముందుగానే ఇచ్చేసింది. ఆ విషయంలో ఉస్తాద్‌కు ఏనాడూ పేచీ లేదు. నేను రెండు మూడు రోజులకోసారి సైదాబాద్‌లోని ఇంటి నుంచి వెళ్ళి ఆ గదిలో కూర్చునేవాణ్ణి. ముందు ఇత్తడి తీగతో అస్థిపంజరం లాంటిది కట్టాడు. లక్కను రాతిపొడితో కలిపి కుంపటి మీద మెత్తబరిచి, చెక్కతో సాగదీసి, తీగ చుట్టూ పొరలు పొరలుగా ఎక్కించాడు. వేడి తగ్గకముందే చిమటా అనే చిన్న పట్టకారుతో చిన్న చిన్న అద్దాలు అద్దాలి. తగ్గితే మళ్ళీ కుంపటి దగ్గరికి తీసుకుపోవాలి. ఈ పనిలో ఆయన నన్ను అడిగిన ప్రశ్నలు నా ఎడిటర్లు కూడా అడగలేదు.

"లోపల మనుషులుంటరా సాబ్?"

"ఉంటరు."

"పోయి వాపస్ వస్తరా?"

"ప్రయోగం కద ఉస్తాద్. చెప్పలేం."

లక్క సాగదీస్తూనే అన్నాడు: "అట్లయితే కిటికీలు ఎనకకు పెడత. వస్తమో రామో తెల్వనోళ్ళు ముందుకు చూడరు. ఇంటి దిక్కు చూసుకుంట పోతరు."

అందుకే ఆ నౌక ముందు భాగం నున్నగా, గుడ్డిగా ఉంటుంది. కిటికీల అద్దాలన్నీ తోక వైపు. ఆ మాట నాకెంతో నచ్చి, అదే సాయంత్రం దర్శకుడికి ఫోన్లో చెప్పాను. ఆ మాటను అక్కడికి మోసింది నేనే.

ఇంకొకటి కూడా చెప్పాలి. మొదటి వారంలో ఆ గది గోడకు మేకుకు రెండు తీగ అస్థిపంజరాలు వేలాడుతున్నాయి. చూశాను. ఒకటి చెడితే ఇంకోటి ఉండాలని కట్టాడనుకున్నాను. బొగ్గు ఎక్కడి నుంచి తెస్తాడో, చిమటా ఎన్నేళ్ళదో అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇది రాసుకోలేదు. ఫోన్‌తో ఫోటోలు కూడా తీశాను. అన్నీ ఆయన చేతులవే. గోడ ఒక్కదాంట్లోనూ రాలేదు.

సిరీస్ మొదటి భాగం ఒక శుక్రవారం విడుదలైంది. మధ్యాహ్నం నమాజు అయ్యాక, అన్నం తిని, దుకాణం పైన గదిలో అందరం టీవీ ముందు కూర్చున్నాం. అక్క రంజాన్ పాయసం షీర్‌ఖుర్మా చేసింది, పండగ కాకపోయినా. నౌక తెర మీదికి రాగానే ఆమె తమ్ముడి మోకాలి మీద ఒకటి చరిచింది. ఆయన చూపు తిప్పలేదు. నౌక కెప్టెన్ వేషం వేసినతను తోటివాళ్ళతో, "కిటికీలు వెనక్కి పెట్టించాను. మనం ఇంటి వైపు చూస్తూ వెళ్తాం," అన్నాడు. ఉస్తాద్ నా వైపు ఒకసారి చూశాడు, అంతే.

చివర పేర్లు వచ్చాయి. ఇద్దరికీ ఉర్దూ తప్ప వేరే అక్షరాలు చదవడం రాదు. చదవమన్నారు. బాగా చిన్న అక్షరాలు, టీవీ దగ్గరికి జరిగి ఆపి ఆపి చదివాను. కథ, నా పేరు. దర్శకత్వం. నౌక రూపకల్పన, ఆర్ట్ విభాగం అని ఉంది, కింద నాలుగు పేర్లు. తర్వాత డ్రైవర్లు, భోజనాలు, జనరేటర్, షూటింగులో వాడిన కుక్కను చూసుకున్న మనిషి. అందరి పేర్లూ ఉన్నాయి. అయిపోయింది.

"మళ్ళొకసారి చదువు భాయ్," అంది అక్క.

మళ్ళీ చదివాను. ఆమె షీర్‌ఖుర్మా గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతూ, "నీదైతే ఉన్నది కద," అంది. "కుక్కది గుడ ఉన్నది. మంచిదే."

వారం తర్వాత ఉస్తాద్‌ను వెంటబెట్టుకుని కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. పొరపాటున పోయి ఉంటుందని నిజంగానే అనుకున్నాను. దర్శకుడు మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. ఆయన మర్యాద తెలిసినవాడే. ఉస్తాద్‌కు తెలుగు రాదనుకున్నాడో ఏమో, నాతోనే మాట్లాడాడు.

"సర్, ఆయన వెండర్. మా డిజైన్ ఇచ్చాం, ఆయన చేశాడు. సెట్ వేసిన కార్పెంటర్ పేరు వేస్తామా?"

"మీరు డిజైన్ ఇవ్వలేదు. గోడకున్న బొమ్మలు మీరే చింపారు, నేనక్కడే ఉన్నాను."

"కాన్సెప్ట్ నా మైండ్‌లో ఉంది సర్. మీరు ఆర్టిస్టులు, ఎమోషనల్ అవుతారు. ఆలోచించండి. గాజులు చేసే మనిషికి స్పేస్‌షిప్ ఏం తెలుస్తుంది?"

ఉస్తాద్ కాఫీ మొత్తం తాగాడు. కప్పును సాసర్‌లో చప్పుడు కాకుండా పెట్టాడు. లిఫ్టులో కిందికి దిగుతుంటే అన్నాడు: "సాబ్, నేను గాజు మీద పేరు రాయమని ఎన్నడు అడగలే. మా నాయిన రాయలే, మా తాత రాయలే. గాజు మీద ఎవడు రాస్తడు? గానీ ఏందంటే, కుక్కను పట్టుకున్నోని పేరు రాసినోడు నన్ను మాత్రం వదిలిండు. మర్సిపోయి గాదు. ఎరికుండే చేసిండు."

"కేసు వేద్దామా?"

"కేసు వేస్తె వకీల్ మాట్లాడ్తడు. నాకు వకీల్ నోటెంట వద్దు. వాడే పదిమంది ముంగట తప్పు మాట అనాలె. ఆ తప్పు పదిమందికి కనబడాలె. గంతే."

దుకాణం చేరాక ఆయన వెనక గదిలో పై అరలోంచి ఒక చెక్కపెట్టె దింపాడు. అందులో రెండో నౌక ఉంది.

"గిదేంది ఉస్తాద్, ఇంకోటి ఎప్పుడు చేసిన్రు?"

"అప్పుడే. మీరు ఇంటికి పోయినంక రాత్రిళ్ళు రెండు కలిపే చేసిన. ఒంటిది నాకు చెయ్యరాదు సాబ్. చెయ్యి ఆడదు. కుడిదానికి చార ఇటు వంచితె ఎడమదానికి అటు వంచాలె. రెండు పక్కపక్కన పెట్టుకుంటనే వాలు కుదురుతది." ఆయన ఇంట్లో చారల గాజులు అలాగే చేస్తారు. చేతులు రెండూ దగ్గరికి తెస్తే చార ఒక చేతి నుంచి ఇంకో చేతికి నడవాలి. "వాళ్ళు ఒకటే అడిగిన్రు, ఒకటే ఇచ్చిన. ఇంకోదాని కోసం రేపో ఎల్లుండో వస్తరనుకున్న. ఒక్క జహాజ్‌ను ఎవడన్న జంగ్‌కు తోలుతడా?"

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. "దాన్ని వాని ముంగట నేలకేసి కొట్టు," అంది. "నా చేతికియ్యి, నేను కొడ్త."

"కొడితె వానికేం నష్టం ఆపా? ముక్కలు మనం ఏరుకోవాలె."

ఆ నౌకను చేతిలోకి తీసుకుని చూస్తుంటే నాకు దారి తోచింది. దర్శకుడి మీద ఆ క్షణంలో నాకున్నది కోపం కాదు. కోపమైతే రెండు రోజుల్లో పోయేది. ఆ మనిషి నా ఎదుట, నేను చూసినదాన్ని చూడలేదని చెప్పాడు. ఉద్యోగమంతా చూసిందే రాసి బతికినవాణ్ణి. నా పేరు ఉన్న జాబితాలో ఆ అబద్ధం అచ్చయింది. దానికి వడ్డీతో సహా జవాబు చెప్పించాలనుకున్నాను.

పత్రికలో మాకు మొదట నేర్పేది ఒకటుంది. ఎవరైనా అబద్ధమాడుతున్నారని తెలిస్తే వెంటనే ఖండించకూడదు. ముందు ఆ అబద్ధాన్ని పూర్తిగా, వివరంగా, వాళ్ళ మాటల్లోనే చెప్పనివ్వాలి. చదివి వినిపించాలి. సరేననిపించుకోవాలి. అచ్చువేయాలి. ఆ తర్వాతే నిజం బయటపెట్టాలి.

అప్పటికే సిరీస్ చూసిన పిల్లలు ఆ చార ఎందుకు ఆగిపోయిందని ఇంటర్‌నెట్‌లో తెగ వాదించుకుంటున్నారు. పని సులువైంది. నా పాత పత్రిక ఆదివారం పేజీ చూసే అతను ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడు. దర్శకుడి ఇంటర్వ్యూ చేసిస్తానంటే సంతోషించాడు. ఎందుకో అతనికి చెప్పలేదు.

దర్శకుడికి కూడా సంతోషమే. నేను మెత్తబడ్డాననుకున్నాడు. గంటన్నర మాట్లాడాడు. చార గురించి చివర్లో, నోట్‌బుక్కు మూసేస్తున్నట్టు చేసి అడిగాను.

"మంచి ప్రశ్న సర్. అది నా మొదటి స్కెచ్‌లోనే ఉంది. ఈ నౌక ప్రయోగం. పూర్తి కాకముందే యుద్ధం వచ్చింది. రంగు వేసేవాళ్ళు సగంలో వదిలేసి వెళ్ళారు. అందుకే చార ఆగిపోయింది. అది అసంపూర్ణత."

"అంటే అలాంటిది ఇంకొకటి లేదు."

"ఎక్కడా లేదు. జోడీ లేని నౌక. ఆ ఒంటరితనమే దాని డిజైన్."

"చేసిన మనిషి చెయ్యి అందులో ఏమైనా ఉందా?"

"లేదు సర్. గీత గీత నాదే."

రాసి, ఫోన్లో చదివి వినిపించాను. "జోడీ లేని నౌక" అన్నచోట ఆపి, ఆ మాట శీర్షికలో పెట్టగలరా అని అడిగాడు. పెట్టించాను. పేజీ వచ్చిన ఆదివారం పొద్దున టీ తాగుతూ దాన్ని మూడుసార్లు చదివాను. నా జీవితంలో నేను రాసినదేదీ అంత ఇష్టంగా చదువుకోలేదు.

మలక్‌పేట సభ ఆ తర్వాత కొన్ని వారాలకు వచ్చింది. ఉస్తాద్‌కు ఇంటర్వ్యూ ముక్కముక్కా చదివి వినిపించాను. "గీత గీత నాదే" దగ్గర ఒకసారి ఆపించాడు, మళ్ళీ చదివించాడు. తువ్వాలు అక్క ఇచ్చింది. ఆ తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

సాయంత్రానికి ఆ రెండు నౌకల వీడియో అందరి ఫోన్లలోకీ వెళ్ళింది. లాడ్ బజార్‌లో ఉస్తాద్‌ను చూసినవాళ్ళంతా, "క్యా భాయ్, జంగ్ జీత్ గయే?" అని, యుద్ధం గెలిచావా అన్నట్టు పలకరించారు. అక్క ఆ వారమంతా దుకాణంలో ఒక్కరితోనూ గొడవ పడలేదు. అది ఆ బజార్‌లో నేను విన్న పెద్ద వార్త. సోమవారం దర్శకుడు ఫోన్ చేశాడు.

"మీరు నన్ను ఇరికించారు సర్."

"నేను అడిగాను. మీరు చెప్పారు. చదివి వినిపిస్తే శీర్షికలో పెట్టమన్నారు."

"అడిగేటప్పటికే రెండోది ఉందని మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"ఇదేం జర్నలిజం?"

ఫోన్ పెట్టేశాను. ఆదివారం పేజీ చూసే అతను అదే ప్రశ్న ఇంకో రకంగా అడిగాడు. "నాకు ముందే చెప్పి ఉంటే నేనే వేసేవాణ్ణి సార్. చెప్పకుండా వేయించారు. మీ పగకు నా పేజీ వాడుకున్నారు." అతనన్నది నిజం. క్షమించమన్నాను. చేసినందుకు కాదు, అతనికి చెప్పనందుకు. ఇప్పుడు మళ్ళీ అవకాశమొచ్చినా ఆ ఇంటర్వ్యూ అలాగే చేస్తాను. దర్శకుడు మైకు చేయి మార్చుకున్న ఆ ఒక్క క్షణం నాకింకా తియ్యగానే ఉంది. దాన్ని దాచుకోవాల్సిన అవసరం ఈ వయసులో లేదు.

అయితే తీపి ఎక్కువ రోజులు నిలవలేదు. మూడు వారాలకు కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. రెండో నౌక, సిరీస్ చూసిన తర్వాత తమ నమూనాకు చేసిన నకలు అనీ, దాన్ని తమకు అప్పగించాలనీ అందులో ఉంది. చార కలవడం వాళ్ళకు ఇబ్బంది కాలేదు. ఆగిన చారను చూసి, దానికి సరిపోయేలా మిగతా సగం ఎవరైనా చేయొచ్చని రాశారు. చదివి చెబితే ఉస్తాద్ మొదటిసారి గొంతు పెంచాడు.

"ఎవలన్న చేస్తరా? చేసి చూపమను సాబ్. వాల్చిన లక్క సల్లారినంక దానికి వాలు కుదుర్చుడు నా తోని గాదు, మా నాయిన తోని గాదు. రెండు ఒక్క వేడి మీద ఉంటెనే అయితది. వాళ్ళకు గిది గుడ తెల్వదు, గీత గీత నాదంటడు."

మేం ఒక వకీలు దగ్గరికి వెళ్ళాం, ఉస్తాద్ వద్దన్న చోటికే. ఆయన ఉస్తాద్ చెప్పిందంతా విని, మంచిదే, కానీ ఈ సంగతి పనివాడికి తెలుస్తుంది, వినేవాళ్ళకు తెలియాలి కదా అన్నాడు. మొదటిదాన్ని ఇవ్వకముందు రెండూ కలిసి ఉండగా చూసినవాళ్ళు ఎవరున్నారని అడిగాడు. అక్క ఉంది. ఇంటి మనిషి. నేనున్నాను, కానీ తీగలు మాత్రమే చూశాను. ఫోటో ఉందా అన్నాడు. లేదు. నోట్‌బుక్కులో రాశారా అన్నాడు. తీసి పేజీలు తిప్పాను. బొగ్గు ఉంది, చిమటా వయసు ఉంది, కుంపటి కొలత ఉంది. మేకుకు వేలాడిన రెండు తీగలు లేవు. పైగా ఆ ఇంటర్వ్యూ నేను ఎందుకు చేశానో ఇప్పుడు ఊరందరికీ తెలుసు. నేను ఎదుటివాడిమీద పగతో ఉన్న సాక్షిని. నా మాటకు బరువెంతో ఆయన చెప్పకముందే నాకు తెలిసింది.

వకీలు ఆఫీసు నుంచి బయటికి వచ్చాక అక్క నా పక్కన నడుస్తూ, "భాయ్, నువ్వు అందరి ముచ్చట రాస్తవు. మా గోడ మీద ఏమున్నదో రాయలే," అంది. దెప్పినట్టు లేదు. మామూలుగానే అంది. అందుకే ఎక్కువ తగిలింది.

నా పేరు కూడా తీసేయమని కంపెనీకి ఉత్తరం రాశాను. ఉస్తాద్ పేరు చేర్చేదాకా కథ దగ్గర నా పేరు ఉండకూడదన్నాను. ఒప్పందం ప్రకారం తీయడం కుదరదని ఒక వాక్యంలో జవాబిచ్చారు. నడుమ ఒకసారి మధ్యవర్తిని పంపి, చివర్లో "ప్రత్యేక కృతజ్ఞతలు" అని వేస్తామన్నారు. ఉస్తాద్ ఆ మాటకు అర్థమేమిటని నన్ను అడిగాడు. సాయం చేసినందుకు థ్యాంక్స్ చెప్పడమని చెప్పాను.

"సాయం ఎవలు ఎవలికి చేసిన్రు సాబ్?" అని లేచి కుంపటి దగ్గరికి పోయాడు. మధ్యవర్తికి టీ కూడా అక్కే ఇచ్చింది, ఉస్తాద్ బయటికి రాలేదు.

పరిశ్రమలో ఇలాంటి తగాదాలు వినే కమిటీ ఒకటుంది. అక్కడ ఫిర్యాదు పెట్టాం. మొదటి వాయిదాకు కంపెనీ తరఫున ఎవరూ రాలేదు. రెండో వాయిదాకు వచ్చి, రెండు నౌకలనూ పక్కపక్కన పెట్టి పరీక్షించాలంటే తమది షూటింగులో ఉందని, తెచ్చేందుకు గడువు కావాలని అడిగారు. ఇచ్చారు. లక్క పని తెలిసినవాణ్ణి ఒకరిని కమిటీ తరఫున చూడమనాలని మేం కోరాం. అలాంటివాడు లాడ్ బజార్‌లోనే దొరుకుతాడు, అక్కడివాళ్ళంతా ఉస్తాద్‌కు చుట్టాలో స్నేహితులో అవుతారు కాబట్టి తాము ఒప్పుకోబోమని కంపెనీ అంది.

సిరీస్ రెండో విడత ప్రసారమవుతోంది. ప్రతి శుక్రవారం చివరి దాకా చూస్తున్నాను, పేర్లు ఆపి ఆపి చదువుతున్నాను. నౌక రూపకల్పన దగ్గర ఇప్పటికీ ఆర్ట్ విభాగం అనే ఉంది. మూడో వాయిదాకు కమిటీ ఇంకా తేదీ ఇవ్వలేదు.